ఒక్కణ్ణే పిలిస్తే

పెద్ద యుద్ధం నడుస్తున్న లడాయి రోజుల్లో షంషాబాద్ సడక్ మీద మేస్త్రీగా ఉన్న ఐలయ్యకు రోడ్డు పనంటే రోజూ పని, దాని మీద మోకాలినొప్పి అదనం. ఇవి చాలవన్నట్టు సడక్ పనుల మీద అధికారి దరోగా సాహెబు కొత్త హుకుం దించాడు. వారానికోసారి కూలీలను ఒక్కొక్కరినే పిలిచి, వాళ్ల కష్టం ఏందో అడగాలట. నెల తిరక్కముందే ఇద్దరు చెప్పాపెట్టకుండా పని విడిచిపోయారు మరి. మూడోవాడు కూడా పోతే మేస్త్రీగిరీ ఇంకొకరికి ఇస్తానని చల్లగా చెప్పి, సాహెబు టాంగా ఎక్కి చక్కా పోయాడు. హుకుం వేసేవాడికి హుషారు, మోసేవాడికి బేజారు.

బేస్తవారం నాడు సామాన్లు పెట్టే పాకలో కూర్చుని ఐలయ్య మొదట రాజయ్యను పిలిచాడు. రాజయ్య గడ్డపార, తట్ట తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టి, తల రుమాలు విప్పి చేత్తో పట్టుకున్నాడు.

"ఏందిది?"

"ఒక్కణ్ణే పిలిస్తివి గద అన్నా. ఇగ నన్ను తీసేసినట్టే గద."

ఆ గుంపులో ఇన్నేళ్లూ ఎవరినైనా ఒక్కణ్ణే పిలిచారంటే ఇంటికి పంపడానికే. కష్టసుఖాలు అడగడానికే పిలిచానని ఐలయ్య ఒట్టు పెట్టుకున్నా రాజయ్య నమ్మలేదు. తరువాత వచ్చిన బాలమల్లు నమ్మకపోవడమే గాక, పెళ్లాన్నీ అన్ననూ సాక్ష్యానికి వెంట తెచ్చుకున్నాడు. ఒక్కడితో మాట్లాడమంటే ఒక వాడతో మాట్లాడినట్టయింది.

ఐలయ్య అసలు భయం జంగయ్య గురించి. కొత్వాల్‌గూడ మనిషి. అతను కంకర పరిస్తే వంకర ఉండదు. పది రోజులుగా ఎవరితోనూ మాట లేదు, పొద్దు వాలకముందే ఊరి దారి వైపు చూపు.

"నీకేమన్న కష్టముందా జంగయ్యా?"

"లేదన్నా."

"చెప్పు, నేనేమనుకోను. నీ లెక్క నేను గూడ..." అని మొదలుపెట్టి, ఐలయ్య తన మోకాలి సంగతి, సాహెబు సంగతి, తాను మేస్త్రీ అయిన నాటి సంగతి అన్నీ చెప్పుకుపోయాడు. కష్టం అడగబోయి కష్టం పెట్టాడు. జంగయ్య అంతా విని, "పోదునా అన్నా?" అన్నాడు.

మర్నాడు జంగయ్య జోడీ పెంటయ్యకు జ్వరం. పరిచిన కంకరను దిమ్మిసతో అణచాలి. రెండు పిడులున్న బరువైన మొద్దు అది, ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఎత్తి వేయాలి. జంగయ్య ఎదుట పెంటయ్య చోటు ఖాళీ. చేసేది లేక ఐలయ్యే పిడి పట్టాడు. పది దెబ్బలకే రొప్పు వచ్చింది. ఇంక మాట్లాడే ఓపిక లేదు.

ఎత్తారు. వేశారు. ఎత్తారు.

"ఆయితారం సంది నేను రానన్నా," అన్నాడు జంగయ్య, దెబ్బకూ దెబ్బకూ నడుమ.

ఐలయ్య గుండె జారింది, పిడి జారలేదు. "ఊఁ," అన్నాడు. ఉన్న ఊపిరికి అంత మాటే వచ్చింది.

"మా ఇంటామె ముత్తమ్మకు నెలలు నిండినయి. మొదటి కాన్పుకు నేను లేను. కబురు అంది నేను పోయెసరికి బిడ్డ లేదు. ఇప్పుడు పని కాటేదాన్ దాక వచ్చె. ఈడికెళ్లి ఇంటికి మూడు కోసులు, ఆరు మైళ్లు. ఊర్లనే ఏదన్న కూలి చేస్కుంట."

"నిన్న అడిగితె చెప్పకపోతివి."

"నిన్న నువ్వు చెప్తుంటివి గద."

ఐలయ్య దిమ్మిసను కిందికి దించి దాని మీదే కూర్చున్నాడు. షంషాబాద్ కొసన చెట్ల నీడలో గుంతలు పూడ్చే పని ఉంది. అక్కడి నుంచి కొత్వాల్‌గూడకు ఉరికితే ఎంతో సేపు పట్టదు. కానీ ఆ పనిలో ఉన్నది సత్తయ్య, ఐలయ్యకు స్వయానా బామ్మర్ది. తమ్ముడికి ఎండ తగలొద్దని పెళ్లాం కొండమ్మ చెప్పి వేయించిన పని. ఐలయ్య సడక్ మీదే మేస్త్రీ, ఇంట్లో అజమాయిషీ అంతా స్త్రీదే.

"రేపటి సంది నువ్వు గుంతల పనికి పో," అన్నాడు చివరికి. "కబురొస్తే నన్నడగకు, ఉరుకు."

"మరి సత్తయ్య?"

"సత్తయ్య ఈడికొస్తడు."

జంగయ్య చెమట తుడుచుకున్నాడు.

"గట్లయితే ఉంట అన్నా."

సాయంత్రం ఐలయ్య దారిన పోయే బండి ఎక్కి, దిగి కుంటుకుంటూ షంషాబాద్ కొసకు చేరేసరికి సత్తయ్య చెప్పులు దులుపుకుంటున్నాడు. ఐలయ్య అతన్ని పిలవలేదు. తనే పోయి పక్కన కూలబడి, రేపటి నుంచి కాటేదాన్ పని అనీ, ఎందుకనీ చెప్పాడు.

సత్తయ్య కోపగించుకోలేదు. బావను ఎగాదిగా చూసి జాలిపడ్డాడు.

"అక్కతోని మాట్లాడినవా బావా?"

"ఇంకా లేదు."

"అయితే ఆమెతోని గూడ నువ్వొక్కనివే మాట్లాడు. నేను జర ఆలస్యంగ వస్త."

ఐలయ్య లేచాడు. ఇల్లు దగ్గరే. ఇంకో కోసు ఉన్నా బాగుండేదనుకుంటూ నడిచాడు.