వియ్యపురాళ్ల రింగు

నేను ఒక రబ్బరు రింగును. ఆడపిల్లల బళ్లలో వలకు అటూ ఇటూ నిలబడి విసురుకునే ఆట రింగును. మెత్తటి రబ్బరును గుండ్రటి అచ్చులో వేడిగా నొక్కి నన్ను తయారుచేశారు. కాకినాడలో ఒక దుకాణంలో మేకుకు వేలాడుతూ, ఏదో ఒక మైదానానికి చేరతానని కలలు కన్నాను. తీరా నన్ను కొన్న ప్రసూన తీసుకుపోయింది మూడో అంతస్తులోని ఫ్లాటుకు.

ఆ ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లున్నారు. ఒకరు ప్రసూన అత్తగారు మాణిక్యాంబ, ఇంకొకరు ప్రసూన తల్లి సుగుణమణి. ప్రసూన, ఆమె భర్త కిరీటి ఉద్యోగాలకు వెళ్లగానే మాణిక్యాంబ హాల్లో టీవీ ముందు, సుగుణమణి గదిలో ఫోను ముందు కూర్చుంటారు. మళ్లీ లేచేది భోజనానికే. వాళ్లిద్దరికీ మాటల్లేవు. పులిహోరలో బెల్లం వెయ్యాలా వద్దా అన్న దగ్గర తెగిపోయాయి.

‘పగలంతా ఇలా కూర్చుంటే మోకాళ్లతోపాటు మనసులూ బిగుసుకుపోతాయి. కదిలించండి, నలుగురిలో కలపండి’ అన్నాడు డాక్టరు. కిరీటి వెంటనే కదలకుండా తొక్కే సైకిలొకటి కొన్నాడు. దానిమీద లంగాలు చక్కగా ఆరాయి. పార్కుకు వెళ్లమంటే ‘ఆవిడొస్తే నేను రాను’ అని ఇద్దరూ ఒకే మాట అన్నారు. పైగా నెలాఖరుకు నెల్లూరులో చిన్నకూతురి దగ్గరికి వెళ్లిపోతానని సుగుణమణి తేల్చి చెప్పింది. ప్రసూన ప్రాణం ఉసూరుమంది. తల్లి చిన్నప్పుడు రింగు బాగా ఆడేదని గుర్తొచ్చి నన్ను తెచ్చింది. హడావిడిలో వంటింటి గట్టుమీద పెట్టి బ్యాంకుకు పరిగెత్తింది.

మాణిక్యాంబ నన్ను తిప్పి తిప్పి చూసింది. "కోడలు ఇన్నాళ్లకి పనికొచ్చేది తెచ్చింది" అంటూ పొగలు కక్కే రసం గిన్నె నామీద దింపింది. గాలిలో ఎగరవలసిన నేను కుదురునైపోయాను. ఒళ్లంతా ఇంగువ వాసన.

మంచినీళ్లకొచ్చిన సుగుణమణి నన్ను చూసి మౌనవ్రతం మరిచిపోయింది.

"వదినగారూ! అది కుదురు కాదండీ, ఆడుకునే రింగు!"

"ఈ ఇంట్లో ఎవరాడతారండీ?"

"నేనాడతాను. మా స్కూల్లో నన్ను ఓడించినవాళ్లు లేరు."

"చెప్పుకోడానికేం లెండి!"

సుగుణమణి గిన్నె పక్కకు జరిపి, నన్ను కడిగి, ఉన్నపాటున విసిరింది. మాణిక్యాంబ చెయ్యి తనంతట తనే లేచి నన్ను చెవి పక్కన ఒడిసిపట్టింది. అందరికన్నా ఎక్కువగా ఆశ్చర్యపోయింది ఆవిడే.

"పట్టేశానండోయ్!"

మర్నాటినుంచి ఎండ తగ్గగానే డాబామీద ఆట. బట్టల దండెమే వల. మాణిక్యాంబ ఆట త్వరగా నేర్చుకుంది, తొండి ఇంకా త్వరగా నేర్చుకుంది. నన్ను వదిలేసినప్పుడల్లా "కొంగు అడ్డొచ్చింది, మళ్లీ వెయ్యండి" అనేది. "మీ కొంగు కూడా మీ జట్టేనాండీ?" అని సుగుణమణి మండిపడేది. పైన ఈ దబదబలేమిటని నిలదీయడానికి వచ్చిన రిటైర్డు పోస్టుమాస్టరు వీరభద్రంగారు తీర్పరిగా స్థిరపడిపోయారు. ఆయన వెనకే భార్య, భార్య వెనకే టీ ఫ్లాస్కు, ఆ వాసనకు మిగతా ఫ్లాట్ల పెద్దవాళ్లూ వచ్చారు.

ఒకరోజు నాకోసం వెనక్కి వంగబోయి మాణిక్యాంబ పడింది. చీలమండ బెణికింది. కిరీటి హడలిపోయాడు.

"ఈ వయసులో ఈ గెంతులేంటమ్మా! బుద్ధిగా కూర్చోలేవా?"

నన్ను తీసుకెళ్లి అటక మీదికి విసిరేశాడు. మనుషుల తీరే అంత. కూర్చోకూడదని నన్ను తెచ్చినవాళ్లే, కూర్చోవాలని నన్ను దాచేశారు.

కింద మళ్లీ టీవీ మోగింది. నెలాఖరు వచ్చింది. సుగుణమణి పెట్టె సర్దుకుంటున్న చప్పుడు అటకమీదికి వినిపించింది. ఆ వెనకే కుంటుకుంటూ వచ్చిన అడుగులు.

"వదినగారూ, సర్దుడు తర్వాత. ముందు ఆ బూజుకర్ర అందుకోండి."

ఇద్దరూ కలిసి కర్రతో నన్ను లాగారు. నాతోపాటు పాత తప్పేలా ఒకటి దభీమని పడింది. ఇద్దరూ నేలమీద కూలబడి, కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వారు.

సుగుణమణిని రైలెక్కించడానికి ప్రసూన, కిరీటి ఉద్యోగాలనుంచి పెందలాడే వచ్చారు. తలుపుకు తాళం ఉంది, ఫోన్లు లోపల మోగుతున్నాయి. కంగారుగా వెతుక్కుంటూ డాబామీదికొచ్చారు. అక్కడ దండేనికి అటూ ఇటూ రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఒకదాంట్లో కాలికి కట్టుతో మాణిక్యాంబ, న్యాయం కోసం రెండోదాంట్లో సుగుణమణి. మధ్యలో నేను ఎగురుతున్నాను.

"అమ్మా, రైలు టైమవుతోంది!" అంది ప్రసూన.

"ఏ రైలమ్మా?" నన్ను ఒడిలోకి లాక్కుంటూ అంది మాణిక్యాంబ. "నా కాలు నయమై, నేను లేచి నిలబడి ఓడించేదాకా మీ అమ్మ ఎక్కడికీ వెళ్లదు."

"అయితే ఈ జన్మలో ఇంక నెల్లూరు చూడనన్నమాట!" అంది సుగుణమణి.

కిరీటి వంగి వాళ్లమ్మ కాలికింద పీట జరిపాడు.

ఇప్పుడు నా ఒంటినిండా పగుళ్లే. కొత్త రింగు వచ్చింది. నేను పిట్టగోడ మీద పడుకుని ఆట చూస్తుంటాను. మాణిక్యాంబ కాలు ఎప్పుడో నయమైంది, చెయ్యీ బాగా కుదిరింది. అయినా ఇంతవరకూ ఒక్క ఆటా గెలవలేదు. గెలుపు అందేలా ఉన్నప్పుడల్లా, తిన్నగా చేతిలోకే వచ్చే రింగును కూడా జారవిడుస్తుంది.