పూజలో లేని కీబోర్డు

తణుకు మెయిన్ రోడ్డులోని పెద్దిరాజు ఫోటో స్టూడియోలో ముందుగది రాజ్యం ఆయనది, వెనకగది రాజ్యం ఆయన భార్య రత్నమాణిక్యానిది. ముందుగదిలో ఆయన "గడ్డం కొంచెం దించండి, నవ్వీ నవ్వనట్టు నవ్వండి" అంటూ ఫోటోలు తీసేవాడు. వెనకగదిలో ఆవిడ వాటిని దిద్దేది. మొదట్లో సన్నటి కుంచెతో దిద్దేది. కంప్యూటర్లు వచ్చాక, నలభై దాటిన వయసులో, మౌసు పట్టడం నేర్చుకుంది. మొటిమలు మాయం చెయ్యడంలో గానీ, సమయానికి రెప్ప వాల్చిన పెళ్లికొడుకు చేత కళ్లు తెరిపించడంలో గానీ ఆవిడని మించినవాళ్లు లేరని తణుకంతా ఒప్పుకుంది. పెద్దిరాజు మాత్రం ఆ మాట పైకి అన్న పాపాన పోలేదు. పెళ్లాన్ని పొగిడితే మర్నాడు కూరలో ఉప్పు పడదని ఆయన భయం కాబోలు.

రెండువేల నాలుగులో, దసరా ఇంకా పది పదిహేను రోజులుందనగా, ఆ కంప్యూటర్‌కి వైరస్ పట్టింది. అందులోని ఫోటోల సాఫ్ట్‌వేర్ ఎవరో కాపీ కొట్టి ఇచ్చిన సీడీలోది. మళ్లీ ఎక్కిద్దామంటే ఆ సీడీ ఇచ్చినవాడు ఊళ్లో లేడు, అసలుది కొందామంటే స్టూడియో అమ్మినా చాలదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అప్పుడు రత్నమాణిక్యం తమ్ముడు గణేష్‌బాబు ఆదుకున్నాడు. భీమవరంలో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాడతను. వచ్చి, ఉన్నదంతా తుడిచేసి, కంప్యూటర్‌ని నడిపించడానికి లైనక్స్ అనేది ఎక్కించాడు. ఫోటోలు దిద్దడానికి జింప్ అని ఒకటుందన్నాడు.

"అది ఎవరిదిరా?" అంది అక్క.

"ఎవరిదీ కాదక్కా. ఎక్కడెక్కడివాళ్లో కలిసి రాశారు. ఎవరడిగినా ఊరికే ఇస్తారు."

"ఊరికే ఇచ్చేదాంట్లో ఏదో మెలిక ఉంటుందయ్యా" అన్నాడు పెద్దిరాజు.

మెలిక ఉండనే ఉంది. "వండిన అన్నం కాదు బావగారూ, బియ్యం ఇస్తారు. మన పొయ్యి మీద మనమే వండుకోవాలి. దాన్ని కంపైల్ చెయ్యడం అంటారు. మీ కంప్యూటర్ ముసలిది కదండి, పొద్దున్న మొదలెడితే సాయంత్రం దాకా ఉడుకుతుంది" అన్నాడు గణేష్‌బాబు. కావలసిన ఫైళ్లన్నీ కంప్యూటర్‌లో పోసి, కొట్టాల్సిన ఒక్క లైను అక్కకి నేర్పి, పండక్కి జంగారెడ్డిగూడెం అత్తారింటికి వెళ్లిపోయాడు.

ఈలోగా పెద్దిరాజు తేల్చి చెప్పేశాడు. "దసరా దాకా చూస్తాను రత్నం. అప్పటికీ ఇది కుదరకపోతే రాజమండ్రి ల్యాబువాళ్లకి మాటిచ్చేస్తాను. దిద్దే పనంతా వాళ్లే చేసి పంపిస్తారు. నువ్వు హాయిగా ఇంట్లో కూర్చోవచ్చు."

ఆ 'హాయిగా' అన్న మాట ఆవిడకి ముల్లులా గుచ్చుకుంది. ఇంట్లో కూర్చోవడంలో హాయి ఉంటుందని ఆయనకెవరు చెప్పారో. పాతికేళ్లుగా ఆ వెనకగదిలో కుర్చీలో కూర్చున్నప్పుడే తాను తానుగా ఉన్నట్టు ఉంటుంది ఆవిడకి. ఆ కుర్చీ పోతే ఇక మిగిలేది వంటింటి పీటే.

దానికి తోడు విజయదశమికి ఒక బేరం కూడా ఒప్పుకుని ఉన్నారు. వీరవెంకటసత్యనారాయణ గారని, ఆ రోజు మధ్యాహ్నం ఎరువుల కొట్టు తెరుస్తున్నాడు. తాను పెళ్లాంతో అన్నవరం కొండ మీద వ్రతం చేయించుకుని దిగిన ఫోటో పెద్దది చేయించి కొట్లో పెట్టుకోవాలని ఆయన కోరిక. ఫోటోలో గోపురం బాగా వచ్చింది, దంపతులు బాగా వచ్చారు. ఇద్దరి మధ్యా ఎవరో పెద్దమనిషి విస్తరాకులో ప్రసాదం తింటూ ఇంకా బాగా వచ్చాడు.

"ఆయన్ని తీసెయ్యండమ్మా. గోపురం మాత్రం చెక్కు చెదరకూడదండి" అన్నాడు సత్యనారాయణ.

అష్టమి దాకా రోజూ వేళాపాళా లేకుండా కరెంటు తీస్తూ ఉండడంతో తమ్ముడు చెప్పిన ఆ పొయ్యి వెలిగించే వీలు లేకపోయింది. మహర్నవమి నాడు తియ్యరన్న ధైర్యంతో తెల్లారుతూనే స్నానం చేసి, తమ్ముడు చెప్పిన లైను కొట్టింది రత్నమాణిక్యం. స్క్రీన్ మీద తెల్లటి అక్షరాలు పైకి పరిగెత్తడం మొదలెట్టాయి. ఒక్క ముక్క అర్థం కాకపోయినా వాటిని చూస్తుంటే ఆవిడ మనసు నిండిపోయింది.

కాసేపటికి పెద్దిరాజు పూజసామానుతో వచ్చాడు. నవమి నాడు పనిముట్లకి పూజ చెయ్యడం ఆయన తండ్రినాటి ఆనవాయితీ. పూజయ్యాక విజయదశమి పొద్దున్న ఉద్వాసన చెప్పేదాకా ఏ పనిముట్టునీ ముట్టుకోకూడదు. కెమెరాలు, లైట్లు, స్టాండు వరసగా పెట్టాడు. కంప్యూటర్‌కి బంతిపూల దండ వేసి, టీవీలాంటి ఆ మానిటర్ నుదుట బొట్టు పెట్టి, కీబోర్డుకి మూడు చోట్ల కుంకం అద్దాడు. ఆ తర్వాత జేబులోంచి ఒక సన్నటి కుంచె తీసి కెమెరా పక్కన పెట్టాడు. అది రత్నమాణిక్యం పాత కుంచె. మూడేళ్లుగా ఏ డబ్బాలో ఉందో ఆవిడకే తెలియదు. తన పనికి వీడ్కోలు చెబుతున్నాడని అనుకుంది. కళ్లు చెమర్చాయి. అగరొత్తుల పొగ మీదకి నెట్టేసింది.

హారతి ఇస్తూ పెద్దిరాజు స్క్రీన్ వైపు చూశాడు. "పూజలో కూర్చున్న పనిముట్టు పని చేస్తోందేంటి?"

"నేను ముట్టుకోలేదండి. పూజకి ముందే మొదలెట్టాను."

తీర్పు కోసం ఇద్దరూ, పూజకని వచ్చి కూర్చున్న పెద్దిరాజు తల్లి శ్యామలాంబ వైపు చూశారు. ఆవిడకి కళ్లు మసకే గానీ మాట మాత్రం పదును. "మనిషి చెయ్యి పడకూడదన్నారు గానీ, దాని పని అది చేసుకోకూడదని ఎవరన్నారురా? దీపాన్ని పూజిస్తాం, వెలగొద్దంటామా?" అంది. పెద్దిరాజు హారతి పళ్లెం తల్లి ముందుకి చాపాడు.

స్టూడియో వెనకే ఉన్న ఇంట్లో పులిహోర, గారెలతో భోజనాలయ్యాయి. అక్షరాలు పరిగెడుతూనే ఉన్నాయి. చేతులు కడుక్కుని వచ్చి చూసేసరికి ఆగిపోయి ఉన్నాయి. కింద ఎర్రర్ అని ఒక లైను. రత్నమాణిక్యం జంగారెడ్డిగూడేనికి ఫోన్ చేసి ఆ లైను అక్షరం అక్షరం చదివి వినిపించింది.

అవతల గణేష్‌బాబు నాలిక కరుచుకున్నాడు. "తప్పు నాదేనక్కా. ఫోటోలు తెరవడానికి లైబ్రరీ అని ఇంకో చిన్న ప్రోగ్రాం ముందు ఎక్కించాలి, మర్చిపోయాను. ఫైలు నీ కంప్యూటర్‌లోనే ఉంది. నేను చెప్పే లైన్లు కొట్టి మళ్లీ మొదలెట్టు. చాలావరకు అయిపోయింది, చీకటి పడేలోపు మిగతాది అయిపోతుంది."

కొట్టాలి. కీబోర్డేమో మూడు బొట్లతో, ఒళ్లంతా అక్షింతలతో దేవుడిలా కూర్చుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే మరి. ప్రపంచమంతా కలిసి ఊరికే ఇచ్చినదానికి మొగుడి ఆనవాయితీ అడ్డం పడింది. ఇవాళ కాకపోతే రేపు ఉద్వాసనయ్యాక మొదలెట్టడం, అయ్యేసరికి సత్యనారాయణ కొట్టు తెరవడం, రాజమండ్రి ల్యాబుకి మాట వెళ్లిపోవడం. రత్నమాణిక్యానికి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

"ఏవండీ, నాలుగు లైన్లండి. కొట్టేసి మళ్లీ బొట్టు పెట్టేస్తాను."

"మా నాన్న బతికుండగా ఒక్క ఏడు కూడా ముట్టుకోలేదు" అన్నాడు పెద్దిరాజు. గొంతులో కోపం లేదు గానీ మొండితనం ఉంది.

శ్యామలాంబ తమలపాకుకి సున్నం రాస్తూ తనలో తాను అనుకుంటున్నట్టు అంది. "చిన్నప్పుడు మా పలకలన్నీ పూజలో పెట్టేసేవారు. నాకు చెయ్యి ఊరుకునేది కాదు. పెరట్లో ఇసకలో వేలితో రాసుకునేదాన్ని. మా నాన్న చూసినా కోప్పడేవాడు కాదు. పలకని ముట్టుకోవద్దన్నాను గానీ రాయొద్దన్నానా అనేవాడు."

పెద్దిరాజు ఒక నిమిషం తల్లి వైపు, ఒక నిమిషం కంప్యూటర్ వైపు చూసి, చొక్కా వేసుకుని బయటికి నడిచాడు. ఎక్కడికని రత్నమాణిక్యం అడగలేదు. టెలిఫోన్ బూత్‌కే అయ్యుంటుంది. ఇంట్లోంచి ల్యాబువాళ్లతో మాట్లాడడానికి మొహం చెల్లక వెళ్లి ఉంటాడు. ఆవిడ తన కుర్చీలో కూర్చుని, ఆగిపోయిన అక్షరాలకేసి చూస్తూ ఉండిపోయింది. ఆఖరిసారి కూర్చుంటున్నట్టే కూర్చుంది.

కాసేపటికి ఆయన చంకలో ఒక అట్టపెట్టెతో వచ్చాడు. బజారులో నెట్ సెంటర్ నడిపే సత్తియ్యని భోజనం మీంచి లేపి, అతని దగ్గరున్నది కొని తెచ్చాడట. విప్పితే లోపల కొత్త కీబోర్డు.

"దీనికి పూజ చెయ్యలేదు" అన్నాడు.

"మరి వైరు కంప్యూటర్‌కే గుచ్చాలి కదండి?"

"బొట్టు పెట్టింది ముందు వైపే. వెనక పెట్టలేదు" అంటూ పెద్దిరాజు పంచె ఎగగట్టి బల్ల కిందకి దూరాడు. ఆయాసపడుతూ, తుమ్ముతూ, ఆ వైరు పెట్టాల్సిన చోటు వెతికి పెట్టాడు. దీని చోటు వేరే ఉండడంతో పాత కీబోర్డు వైరు జోలికి పోలేదు. రత్నమాణిక్యం కొత్తదాన్ని ఒళ్లో పెట్టుకుని, తమ్ముడు ఫోన్‌లో చెబుతుంటే ఒక్కో అక్షరం కొట్టింది. బంతిపూల దండ వెనక మళ్లీ అక్షరాల పరుగు మొదలైంది.

బల్ల కిందనుంచి లేస్తూ పెద్దిరాజు అన్నాడు, "పొద్దున్న ఆ కుంచె చూసి మొహం అలా పెట్టావేంటి?"

"ఇంక నా పని అయిపోయిందని..."

"పిచ్చిదానా. ఈ స్టూడియోలో అసలు పనిముట్టు అదే కదా. ఇన్నేళ్లూ నేను కెమెరాలకే చేశాను, దానికి చెయ్యలేదు. అందుకేనేమో ఈ వైరస్ పట్టిందని వెతికి మరీ తెచ్చాను." ఆ మాట అన్నాక ఆయనకే సిగ్గేసినట్టుంది. వక్కపొడి కోసమని ముందుగదిలోకి వెళ్లిపోయాడు. రత్నమాణిక్యం ఆ సంతోషాన్ని ఎవరితో చెప్పుకోవాలో తెలియక, ఫోన్‌లో ఇంకా ఉన్న తమ్ముడితో "ఉంటానురా" అని పెట్టేసింది.

దీపాలు పెట్టే వేళకి బియ్యం అన్నమైంది. జింప్ తెరుచుకుంది. మర్నాడు పొద్దున్న ఉద్వాసన కాగానే ఆవిడ అన్నవరం ఫోటో తెరిచి, ప్రసాదం తింటున్న పెద్దమనిషిని కొంచెం కొంచెంగా గోపురంలో కలిపేసింది. పాపం, తిననివ్వకుండా లేపేశానే అనుకుని నవ్వుకుంది కూడా. మధ్యాహ్నం కొట్టు తెరిచినప్పుడు సత్యనారాయణ ఆ ఫోటోకి దండ కూడా వెయ్యబోయాడు. బతికున్నవాళ్లకి వెయ్యకూడదని పెళ్లాం గసిరితే ఊరుకున్నాడు.

సాయంత్రం పెద్దిరాజు కొత్త కీబోర్డు తుడిచి, బల్ల మీద పెడుతూ అన్నాడు, "వచ్చే ఏడు దీన్ని కూడా పూజలో పెట్టాలి రత్నం."

వచ్చే ఏడు అన్నాడు. రత్నమాణిక్యం కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకుంది.

"అయితే వచ్చే ఏడు ముట్టుకోవడానికి ఇంకోటి కొనాలిరా" అంది శ్యామలాంబ గుమ్మంలోంచి.

"కొందాంలే అమ్మా" అన్నాడు పెద్దిరాజు.