ఎడమకి రెండు గీతలు

పెద్ద మేడం తనకి సంతకం పెట్టదని కొత్తమ్మాయికి మొదటి వారంలోనే అనుమానం వచ్చింది. ముప్పై నాలుగేళ్ల మనిషిని కొత్తమ్మాయి అనడమేమిటని అడక్కండి. బడి పిల్లలకి వినికిడి పరీక్షలు చేసే ఉద్యోగం కోసం శిక్షణకి ఎవరొచ్చినా ఆ బడిలో అదే పేరు. చదువు అయింది, రాతపరీక్ష గట్టెక్కింది. ఇక మిగిలింది మూడు వందల గంటలు పెద్ద మేడం కింద పనిచెయ్యడం, చివర ఆవిడ సంతకం. సంతకం పడితే లైసెన్సు, పడకపోతే ఇంటికి. కిందటేడు వచ్చినామె ఉత్త చేతులతో వెళ్లిపోయిందని ఆఫీసు గుమాస్తా మొదటిరోజే చెవిన వేశాడు.

పెద్ద మేడం మాట తక్కువ మనిషి. అలాంటివాళ్లు కడుపులో ఏదో పెట్టుకున్నట్టే ఉంటారు. పాత పుస్తకాల గదిని పరీక్షల గది చేశారు, దాని తాళం ఆవిడ దగ్గరే. పొద్దున్న కొత్తమ్మాయి ఎంత తొందరగా వచ్చినా ఆవిడ అప్పటికే లోపల మిషన్ దగ్గర ఉండేది. ఒక్కతీ అక్కడ ఏం చేస్తుందో ఎవరికి తెలుసు?

ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. పిల్లలు రాకముందు, పరీక్ష చేసేవాళ్లు హెడ్‌ఫోన్లు తమ చెవులకే పెట్టుకుని ఒక్కో మోతా వినాలి. ఎర్రది కుడికి, నీలంది ఎడమకి. ఎంత సన్నగా పెడితే వినిపించిందో ఆ అంకె పొద్దుటి పుస్తకంలో రాయాలి. మిషన్ ఆరోగ్యం చెప్పేవి ఆ చెవులే.

మూడో వారంలో నీలం వైపు మోత సన్నబడింది. కొత్తమ్మాయి వైరు కదిపి చూసింది, లాభం లేదు. ఆవిడే ఏదో చేసిందనుకుంది. చెబితే పని చేతకాక మిషన్ మీదకి తోస్తోందంటుంది, చెప్పకపోతే పరీక్షలు తప్పని పట్టుకుంటుంది. ఎటు చూసినా తనకే చుట్టుకుంటుంది. అందుకని పుస్తకంలో నిన్నటి అంకే వేసి, పిల్లల ఎడమ చెవులకి డయల్ రెండు గీతలు పైకి తిప్పి మోత పెంచడం మొదలుపెట్టింది. ఇరవై మీద పెట్టాల్సింది ముప్పై మీద. దెబ్బకి దెబ్బ అనుకుని సంబరపడింది కూడా.

ఇంట్లో అత్తగారితో మరో తంటా.

"పక్కనే కూర్చుని పిలుస్తుంటే ఉలకదు పలకదు. చదువు ఎక్కువై నా మాట చెవికి ఆనడం లేదు," అని ఆవిడ కొడుకు దగ్గర గోడు వెళ్లబోసుకునేది. కావాలనే గొణుగుతుంది, తర్వాత నా మీద చెప్పడానికి, అనుకునేది కోడలు. ఇద్దరూ ఎదుటి మనిషి ఎత్తుగడ కనిపెట్టేశామనే అనుకున్నారు.

ఇంకా పన్నెండు గంటలు మిగిలాయనగా పెద్ద మేడం జాబితా ముందేసుకుని కూర్చుంది.

"మూడో వారం నుంచి ఎంతమందిని చూశావు?"

"నూట పన్నెండు మందిని మేడం."

"తప్పినవాళ్లు తొమ్మిది మంది. తొమ్మిదీ కుడి చెవులే. మన పిల్లలకి ఎడమ చెవులు అంత గట్టివా?"

కొత్తమ్మాయి జాబితా మీదకి ఒంగి చూసింది.

"పొద్దుటి పుస్తకం కూడా చూశాను. ఆరు వారాలుగా ఒకటే అంకె. ఒక గీత అటో ఇటో అవ్వాలి కదమ్మా. ముప్పై ఏళ్లుగా వింటున్నాను, నా చెవులే రోజుకో తీరుగా ఉంటాయి."

ఇక దాచి లాభం లేదనిపించింది. "నీలం వైపు పాడైంది మేడం. అది మీకు తెలుసు. నేను చెబుతానో లేదో చూద్దామని ఊరుకున్నారు."

ఆవిడ కోప్పడలేదు. పిల్లల కుర్చీ చూపించింది. "కూర్చో. ఈసారి తిప్పి పెట్టుకో. ఎర్రది ఎడమకి."

మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుంది కొత్తమ్మాయి. పాడైందన్న నీలంది కుడి చెవిలో గణగణమంది. బాగుందన్న ఎర్రది ఎడమ చెవిలో ఎక్కడో గోడ అవతల మోగినట్టు మోగింది. ఆరు వారాలుగా అందరినీ అనుమానించింది, తన చెవిని తప్ప.

"నువ్వు నన్ను అనుమానించావు. నేను నిన్ను అనుమానించాను, చూడకుండా టిక్కులు కొడుతున్నావని," అంది పెద్ద మేడం. గొంతు మెత్తబడింది. "రేపే డాక్టరుకి చూపించుకో. చెవి తగ్గినంత మాత్రాన ఈ పని చెయ్యకూడదని ఎక్కడా లేదు."

గంటల కాగితం దగ్గరికి లాక్కుని పెన్ను మూత తీసింది.

"ఒక్కటి చెప్పు. పిల్లలకి మాత్రం ఇరవై మీదే పెట్టావుగా?"

అవునంటే అయిపోయేది. డయల్ సాక్ష్యం చెప్పదు. పెన్ను కాగితానికి జానెడు దూరంలో ఉంది. కొత్తమ్మాయికి ఏడుపొచ్చింది, ఆపుకుంది.

"లేదు మేడం. ఎడమకి ముప్పై."

పెన్ను మూత పడింది. మూడో వారం నుంచీ ఉన్న గంటలన్నీ ఆవిడ ఎర్ర సిరాతో కొట్టేసింది. "అప్పటినుంచి చూసినవాళ్లందరికీ మళ్లీ పరీక్ష చెయ్యాలి. వెళ్లి మొదటి పాపని తీసుకురా."

మూడో తరగతి గుమ్మంలోనే ఆ పాప కనిపించింది, గోడవైపు తిరిగి నిలబడి. వీపు మీద రెండు జడలు కదలడం లేదు.

"మళ్లీ పరీక్షా?" అంది టీచరు. "దానికి శుభ్రంగా వినపడుతుందండీ. మీరే కాగితం ఇచ్చారుగా. మొదట్లో చెవుడేమో అనుకుని ముందు బెంచీలో కూర్చోబెట్టుకునేదాన్ని. మీ కాగితం చూశాక తెలిసింది, ఇదంతా పొగరని. అప్పటినుంచి పిలిచి పలకకపోతే గోడ దగ్గరే."

కొత్తమ్మాయి పాప ఎడమ పక్కకి వెళ్లి నిలబడి మెల్లగా పిలిచింది. జడలు కదల్లేదు. ఇంకోసారి పిలిచింది.

తర్వాత చుట్టూ తిరిగి కుడి పక్కకి వెళ్లింది.