మహల్ కింద పడవ

కిల్వా దీవిలోని పాత మసీదు గుమ్మటాల కింద గైడు షొమారి, దీవి చూడ్డానికొచ్చిన టీచర్లకు సుల్తానుల కథ చెబుతుంటే అతని తల్లి పరిగెత్తుకొచ్చింది.

"ఒరేయ్, నీ పెళ్లానికి బిడ్డ అడ్డం తిరిగిందిరా! మంత్రసాని చేతులెత్తేసింది. అవతలి ఒడ్డున ఆసుపత్రికి చేర్చకపోతే దక్కదు!"

దీవిలో ఆ పూట ఉన్న ఒకే ఒక్క మోటారు పడవ టీచర్లది. చివర్లో మహల్ చూశాక వాళ్లకు తిరుగు నడక తప్పుతుందని దాన్ని రాజమహల్ కింది ఒడ్డుకు పంపించింది షొమారే. సముద్రం వెనక్కి పోతోంది. ఆలస్యమైతే పడవ బురదలో కూరుకుపోతుంది.

"మహల్ ఎక్కడికీ పోదు, పద తమ్ముడూ!" అంది పెద్ద టీచరమ్మ.

షొమారీ టీచర్లూ కలిసి అతని భార్య సొమోయెను నులకమంచంతో సహా ఎత్తుకుని పరిగెత్తారు.

"మెల్లగా మోయండయ్యా, నేనేం మీ సుల్తాన్‌ని కాను" అని మూలిగింది సొమోయె. ఆ తర్వాత కళ్లు మూసుకుంది. మహల్ గోడల పక్కనుంచే వెళ్తున్నా ఒక్కరూ తలెత్తి చూడలేదు.

కింద పడవ అప్పటికే బురద మీద కూర్చుంది.

"కదలదన్నా! మళ్లీ నీళ్లొచ్చేసరికి చీకటి పడుద్ది" అన్నాడు పడవ నడిపే మకామె.

"నోర్మూసుకుని తొయ్యరా!" అని అరిచాడు షొమారి.

సొమోయె మంచాన్నీ షొమారి తల్లినీ ఎక్కించి, అందరూ బురదలో దిగి తోశారు. కదల్లేదు. "యా అల్లా!" అంటూ మళ్లీ తోశారు. జానెడు జరిగింది. ఇంకో జానెడు. ఉన్నట్టుండి కింద నీళ్లు గలగలమన్నాయి. మకామె లోపలికి దూకి ఇంజన్ అందుకున్నాడు. షొమారి కూడా ఎక్కబోయాడు.

"నువ్వెక్కితే మళ్లీ కూలబడుద్ది!" అని అరిచాడు మకామె.

షొమారి పట్టుకున్న అంచు వదిలేశాడు. "అమ్మా, ఊపిరుందా దానికి?" అని గొంతు చించుకున్నాడు.

ఇంజన్ మోతలో జవాబు వినపడలేదు.