సాక చెంబు

ఎండాకాలం వచ్చిందంటే ముంబై కామాఠిపురా ఎనిమిదో గల్లీలోని ఆ వరుస గదుల చాల్‌లో రెండో అంతస్తు ఆడవాళ్లంతా పాలగిన్నెలు పట్టుకుని మేఘా గుమ్మం ముందు చేరతారు. మేఘా స్వెటర్ వేసుకుని గ్యాలరీలో కూర్చుని కొత్తిమీర ఏరుతుంటుంది. ఆమె నీడ పడినంత మేర నేల బావినీళ్లంత చల్లగా ఉంటుంది. నీడ జరిగినప్పుడల్లా గిన్నెలు జరుపుకుంటూ అందరూ కబుర్లాడుకుంటారు.

"మా ఇంట్ల ఫ్రిజ్ గింత మంచిగ లేదు. దీనికి డోరు తీసే పని గూడ లేదు," అంటుంది పక్కింటి శాంతాబాయి.

ఆ చల్లదనం మేఘా అత్త లక్ష్మవ్వది. ఆషాఢంలో పోచమ్మ తల్లిని చల్లబరచడానికి వేపాకు, పసుపు కలిపిన నీళ్లు సాక పోస్తారు గదా, ఆ సాక పోసే రాగి చెంబు ఎవరి చేతికి అందిస్తే చల్లదనం వాళ్లది. లక్ష్మవ్వ మంచాన పడ్డ మూడేళ్లూ ఒళ్లు తుడిచింది, గంజి తాగించింది పెద్దకోడలు దర్శన. అత్త చెంబు అప్పగించిన పొద్దున మాత్రం దర్శన డ్యూటీలో ఉంది. ఇంట్లో ఉన్నది నిన్నగాక మొన్న కాపురానికొచ్చిన మేఘా.

దర్శన తన పాలు పొయ్యి పక్కనే విరగనిచ్చేది గానీ తోడికోడలి నీడలో ఏనాడూ పెట్టలేదు. ఎండల్లో ఆ స్వెటరు చూస్తేనే ఆమెకు ఒళ్లు మండేది. అంతా సోకు అనుకునేది.

దర్శన పంతొమ్మిదేళ్లుగా ఊడ్చేది నాగ్‌పాడాలోని కంప్యూటర్ ఆఫీసులో. దవాఖానల రిపోర్టులన్నీ అక్కడి మెషిన్ల గదిలోనే ఉంటాయి. మే నెలలో ఒకేరోజు ఆ గది ఏసీలు రెండూ ఆగిపోయాయి. దర్శన ఇంటి పద్ధతిలో గోనెసంచి తడిపి తలుపుకు కట్టబోయింది. సూపర్‌వైజర్ హితేష్ పరుగున వచ్చి లాగేశాడు.

"అక్కా, మెషిన్లకు తడి తగలొద్దు. మీ ఇంట్ల సల్లటి నీడామె ఉందంట గదా, తోల్కరా."

"ఊరికి పోయింది," అంది దర్శన.

పొద్దుగూకేలోగా మూడు మెషిన్లు మూగబోయాయి. మర్నాడు హితేషే చాల్‌కొచ్చి మేఘాను తీసుకుపోయాడు. పోతూ దర్శన వైపు ఒక్క చూపు చూశాడు.

మేఘాను మెషిన్ల నడుమ కుర్చీలో కూర్చోబెట్టారు. ట్యూబ్‌లైట్ల కింద ఆమె నీడ నాలుగు దిక్కులా పరుచుకుంది. నలభై చూపించిన మీటరు మధ్యాహ్నానికల్లా ఇరవై రెండుకు దిగింది. పెద్దసాబ్ స్వయంగా చాయ్ తెచ్చిచ్చాడు. పంతొమ్మిదేళ్లలో దర్శనను కూర్చోమన్నవాడు లేడు. దర్శన చీపురు పట్టుకుని వంగి, "కాళ్లు జర ఎత్తు," అంది.

ఆ సాయంత్రం ఇల్లు చేరగానే అడిగేసింది.

"అత్తకు సేవ చేసింది నేను. గా చెంబు నాకు రావాల్సింది."

మేఘా లేచి, దేవుడి గూట్లోంచి చెంబు తీసి, నీళ్లు నింపి, రెండు చేతులతో ఆమెకు అందించింది. "తీస్కో అక్కా."

ఇంత సులువుగా ఇస్తుందని దర్శన అనుకోలేదు. మనసుకు కొంచెం కష్టంగా కూడా తోచింది.

మర్నాడు ఆ కుర్చీలో దర్శన కూర్చుంది. మీటరు ఇరవై ఒకటి. హితేష్‌తో రెండుసార్లు పైకి చదివించుకుంది. చాయ్ కూడా వచ్చింది, కానీ గ్లాసు పెదవి దాకా చేరేసరికి మీగడ కట్టి చల్లారిపోయింది. మధ్యాహ్నానికి పళ్లు టకటకలాడాయి.

"ఏసీలు వచ్చినా మీరే ఉండాలె. పర్మనెంటు చేస్తమన్నడు సాబ్," అన్నాడు హితేష్, శాలువా కప్పుతూ.

సాయంత్రం దర్శన మెట్లెక్కేసరికి ఆడవాళ్లు గిన్నెలతో ఎదురొచ్చారు. "రా పెద్దకోడలా, జర గిట్ల కూసో." ఆమె కూర్చుంది.

అవతల గుమ్మంలో మేఘా, స్వెటర్ లేకుండా, పొగలు కక్కే చాయ్ ఊదుకుంటూ తాగుతోంది. కణత మీంచి ఒక చెమట చుక్క మెల్లగా మెడ మీదికి జారింది. మేఘా దాన్ని వేలితో తాకి చూసుకుని నవ్వుకుంది. తుడుచుకోలేదు, రెండోదాని కోసం ఆగింది.

దర్శనకు చూపు తిప్పుకోవడం చేతకాలేదు.

"చెల్లే," అంది చివరికి, "గా చెంబు..."

మేఘా చాయ్ గ్లాసు కింద పెట్టి, రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది.