నోటికి కట్టు

కొత్త అల్లుడు అత్తవారి వీధి మలుపు తిరుగుతూ స్కూటరుతో ఢీకొట్టినది సామాన్యమైన కుక్కను కాదు; అత్తగారు కన్నకూతురికంటె మిన్నగా పెంచుకుంటున్న ‘దొర’ను. వెనుక కాలినుండి రక్తం కారుతుండగా ఆ మూగజీవి కుంటుకుంటూ వచ్చి గేటు ముందర పడి మూలుగుతున్నది.

“చంపేశారు! ఎవరో నా బంగారాన్ని చంపేశారు!” అని అత్తగారు వీధి దద్దరిల్లేలా ఆక్రోశిస్తున్నారు. ఆ ప్రాణి దక్కకపోతే ఆ ఇంట తనకు మిగిలే మర్యాద ఎంతో అల్లుడికి ఒకరు చెప్పనవసరం లేదు.

మామగారు పశువుల డాక్టరమ్మకు ఫోను కలిపి స్పీకరు పెట్టారు. ఆపన్నుల మొర ఆలకించే భగవంతుడు ఆనాడు ఆమె గొంతుతోనే పలికాడు.

“ముందు నోరు కట్టెయ్యండి!”

చిరకాల తపస్సు ఫలించినవాని తేజస్సు మామగారి ముఖాన ఒక్క క్షణం మెరిసి, అత్తగారి చూపు తగలగానే ఆరిపోయింది.

“ఎవరి నోరు? నా నోరా? విన్నారా, ఎంత మాటందో!”

“కుక్క నోరమ్మా! నొప్పికి ఎవరినైనా కరిచేస్తుంది. మెత్తటి గుడ్డతో కట్టండి. ముక్కు మూసుకుపోకుండా చూడండి, ఊపిరాడాలి.”

“నా దొర నన్ను కరవడమా? వాడికి నేను తల్లినే!” అంటూ అత్తగారు చెయ్యి చాచారు. దొర మాతృభక్తిని పక్కనపెట్టి కోరలు చూపాడు. అల్లుడు చప్పున ఆమె చేతిని వెనుకకు లాగకపోతే కట్లు ఇద్దరికీ కట్టవలసివచ్చేది.

“మీరుండండత్తయ్యా, నేను చూస్తాను.”

అతడు మెడలోని కొత్త టై విప్పి, వెనుకనుండి మెల్లగా దొర మూతికి చుట్టి, గడ్డం కింద మెలివేసి, చెవుల వెనుక ముడివేశాడు. జేబురుమాలు మడిచి గాయంపై అదిమిపట్టాడు.

“నీళ్ళు తాగించకండి. కాలు కదపకండి!” అన్నది ఫోను.

మామగారు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి నిలిచిపోయారు.

“మీ కాలు కాదండీ, నా ఖర్మ! వాణ్ణి పడుకోబెట్టడానికి ఇస్త్రీ బల్ల పట్రండి!” అని అత్తగారు కసిరారు.

ఆ బల్లమీద శయనించి, కారులో ఊరేగి, దొర ఆసుపత్రి చేరాడు. డాక్టరమ్మ పరీక్షించి తలెత్తారు.

“ఎముక విరిగిందంతే, ప్రాణభయం లేదు. గాయం అదిమిపట్టి మంచిపని చేశారు. ఇంతకీ గుద్దిందెవరు?”

అల్లుడు వంగి దొర మూతికున్న టై ముడి సవరించసాగాడు.

“ఎవడో కళ్ళు నెత్తికెక్కిన వెధవ!” అన్నారు అత్తగారు. “దేవుడల్లే మా అల్లుడుగారు అక్కడే ఉన్నారు కాబట్టి వీడు దక్కాడు.”

రెండు బిరుదులూ తనవే అయినందున, అల్లుడు రెంటికీ కలిపి వినయంగా ఒకే నమస్కారం చేశాడు.