ఊటీ తోటలో సంతకం

విజయభాస్కర్ ఎవరికైనా ఊరికే టీ తాగించాడంటే దాని వెనక ఏదో ఉంటుందని విడవలూరు పక్కన ఎవర్నడిగినా చెబుతారు. అలాంటివాడు బస్సు మాట్లాడి ఇరవైమంది రైతుల్ని ఊటీ చూపిస్తానంటే, వదిన ఆదిశేషమ్మ ఎందుకు ఎక్కినట్టు? భర్త పోయిన ఆరేళ్లలో ఆమె పొలం గట్టు దాటి ఎక్కడికీ పోలేదు. అందుకు.

"పైరు పొట్టమీద ఉండాది, ఇప్పుడు నీళ్లు తగ్గితే తాలుపోతాది" అని ముందు నసిగింది.

"నా మనిషి పెంచలకృష్ణ పెడతాడులే వదినా. నాలుగు రోజులేగా" అన్నాడు మరిది.

ఆ పల్లెల్లో చేనుకు నీళ్లు పెట్టే పని ఒకరికి ఒప్పజెప్పడమంటే చంటిబిడ్డను ఒప్పజెప్పినట్టే. ఆదిశేషమ్మ ఒప్పజెప్పి బస్సెక్కింది.

కొండమీద తోట బాగుంది. బాగాలేదంటే కళ్లు పోతాయి. నెల్లూరు ఎండకు ఒక్కపూటలో మాడిపోయే పూలన్నీ అక్కడ విరగబూసి ఉన్నాయి. ఒక మడి పక్కన పైపులోంచి నీళ్లు కారుతుంటే ఆదిశేషమ్మ దోసిట పట్టి నాలుకమీద వేసుకుంది. సముద్రం పక్క రైతులకు అది అలవాటు. కాలవ నీళ్లు రుచి చూసి, ఉప్పు లేదని తేలాకే చేలోకి వదులుతారు. వెంట వచ్చినవాళ్లు నవ్వారు. "తియ్యగా ఉండాయి" అని ఆమె కూడా నవ్వింది.

అప్పుడు విజయభాస్కర్ ఆమెను బెంచీ దగ్గరికి పిలిచి కాగితం తీశాడు. ఆమె రెండెకరాల వరిచేను పక్కనే అతని ఉప్పునీటి రొయ్యల గుంటలు. ఆ చేను కూడా కౌలుకిస్తే గుంట తవ్వుకుంటానని ఏడాదిగా అడుగుతున్నాడు. ఏడాదిగా ఆమె కాదంటోంది.

"ఇంటికి పోయి మాట్లాడదాం అబ్బయ్యా" అంది.

"ఇంటికి పోయినాక నువ్వే పెడతానంటావులే" అన్నాడు తాపీగా.

అంతలో ఆమె ఫోన్ మోగింది. నెల్లూరు హాస్టల్లో చదివే కూతురు వెన్నెల, ఊరొచ్చి ఏడుస్తోంది.

"అమ్మా, పెంచలకృష్ణ గుంట గట్టుకు గండి కొట్టినాడు. మీరు బస్సెక్కిన రోజే అంట. మన చేలో మోకాటిలోతు నీళ్లు. పైరంతా ఎర్రబడిపోయింది."

"నోట్లో పోసుకొని చూసినావా?"

"చూసినా. ఉప్పు."

తడిగుడ్డతో గొంతు కోయడమని ఆదిశేషమ్మ విన్నదేగానీ, ఆ గుడ్డ తన మెడకు తగలడం అదే మొదటిసారి. అంత చలిలోనూ ఒళ్లు మండిపోయింది. మోసం చేసినవాడి మీద కంటే, వాడి బస్సెక్కి వాడు పెట్టిన ఇడ్లీలు తిన్న తనమీద ఎక్కువ కోపం వచ్చింది.

"ఏంది భాస్కరా ఇది?"

అతను కనీసం అబద్ధమైనా ఆడలేదు. "ఇంక ఆ నేలలో వరి పండదు వదినా. సంతకం పెట్టేసెయ్. ఇద్దరికీ మంచిది" అని పెన్ను అందించాడు.

ఆదిశేషమ్మ పెన్ను తీసుకుని లేచి నిలబడింది. బస్సులో వచ్చిన ఇరవైమందీ తిరిగి చూసేంత గట్టిగా ఫోన్లో మాట్లాడింది.

"ఏడవబాక వెన్నెలా. మనుషుల్ని పిలిచి గండి పూడ్పించు. ఆ ఉప్పునీళ్లు తీసేసి కాలవ నీళ్లు పెట్టు. పైరు పోతే పోనీ. పోలీస్ స్టేషనుకు పోయి కంప్లైంట్ రాసియ్యి. ఎవురు చేయించినారంటే మీ చిన్నాయన పేరు చెప్పు, సిగ్గుపడబాక. ఆయన నా పక్కనే ఉండాడు, వింటాండాడు."

విజయభాస్కర్ ముఖం పాలిపోయింది. "నలుగుర్లో పరువు తీస్తావా వదినా? ఆ ఉప్పు దిగాలంటే ఎన్నేళ్లు పడతాదో తెలుసా?"

"నాకు నలభై ఎనిమిదే. ఐదు వానాకాలాలకు దిగుతాది. పది పట్టినా కూచోనుంటా. నా చేలో గడ్డి మొలిస్తే మొలవనీ, నీ రొయ్యను మాత్రం ఈదనివ్వను."

పెన్ను అతని జేబులో గుచ్చి, నెల్లూరు పోవడానికి వేరే బస్సు ఎక్కడ దొరుకుతుందో కనుక్కునేందుకు గేటు వైపు నడిచింది.